బస్సు ఆగింది సరే, దాని శక్తి ఎక్కడికి పోయింది?

చిత్తూరులో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న మీరు అడిగిన ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వెళ్తాను. 10 టన్నుల బస్సు ఒకటి సమతలమైన రోడ్డుపై గంటకు 54 కిలోమీటర్ల వడితో వెళ్తుండగా డ్రైవరు బ్రేకు వేశాడు. బస్సు 30 మీటర్లు సాగి ఆగింది. బ్రేకులు చేసిన పని ఎంత? మీకు వచ్చిన జవాబు రుణ 1125 కిలోజౌళ్లు. లెక్క తేలినా మీకు కొన్ని సందేహాలు మిగిలాయి. ఆ రుణ గుర్తుకు అర్థమేమిటి? పని చేసింది బ్రేకులని మీరు, కాదు రోడ్డు ఘర్షణ అని మీ స్నేహితుడు వాదించుకున్నారు, ఎవరిది సరి? వడి రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లు ఎందుకవుతుంది? చివరగా, తిరుమల నుంచి దిగే డ్రైవర్లు బ్రేకుల మీద ఆధారపడకుండా తక్కువ గేరులో ఎందుకు దిగుతారు? బస్సు గ్యారేజీలో బ్రేకుల పని చూసి, ఆ తరువాత పాలిటెక్నిక్ విద్యార్థులకు అదే విషయం బోధించిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. చివరి ప్రశ్న దగ్గర కొంత ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఆ ప్రశ్న మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మీ లెక్క సరిగ్గానే ఉంది. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వడి వర్గంతో గుణిస్తే, అంటే 5000ను 225తో గుణిస్తే, 11,25,000 జౌళ్ల గతిజశక్తి వస్తుంది. ఆగిన తరువాత గతిజశక్తి సున్నా. పని–శక్తి సిద్ధాంతం ప్రకారం నికర బలం చేసిన పని గతిజశక్తిలో వచ్చిన మార్పుకు సమానం కాబట్టి, ఆ పని రుణ 1125 కిలోజౌళ్లు. బస్సు ముందుకు కదులుతుండగా బలం వెనక్కి పనిచేసింది, రెండింటి మధ్య కోణం 180 డిగ్రీలు, దాని కొసైన్ విలువ రుణ ఒకటి. పరీక్షకు ఇంతవరకు చాలు. అయితే ఆ గుర్తును కేవలం దిశకు సంబంధించిన లాంఛనంగా చూడవద్దని నా మనవి. బస్సు ఖాతాలో నుంచి 1125 కిలోజౌళ్లు బయటకు వెళ్లిపోయాయని అది చెబుతోంది. బయటకు వెళ్లిన శక్తి మాయం కాదు కనుక అది ఎక్కడికి చేరిందన్న ప్రశ్న వెంటనే పుట్టాలి. బ్రేకుల శాస్త్రమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే.

ఇదే లెక్కలో ఇంకొక విషయం గమనించండి. పని విలువ 1125 కిలోజౌళ్లని తేలిపోయింది, కానీ బలం విలువ ఇంకా మన చేతిలోనే ఉంది. 30 మీటర్లలో ఆపితే సగటు బలం 37,500 న్యూటన్లు. డ్రైవరు ముందుచూపుతో 90 మీటర్ల దూరం తీసుకుంటే 12,500 న్యూటన్లు చాలు. ఎదురుగా గోడ ఉండి ఒక్క మీటరులో ఆగవలసి వస్తే 11,25,000 న్యూటన్లు. మూడు సందర్భాల్లోనూ పని ఒక్కటే. నిలబడి ప్రయాణిస్తున్న 60 కిలోల మనిషికి 30 మీటర్లలో ఆగే బస్సులో 225 న్యూటన్ల బలం కావాలి, అంటే 23 కిలోల బరువు చేతిని లాగినంత. పై కమ్మీ పట్టుకున్న ముసలివారికి అది తట్టుకోగలిగిన బలం కాదు. అందువల్ల మంచి డ్రైవరు బలాన్ని తగ్గించి దూరాన్ని పెంచుకుంటాడు.

ఇక మీ వాదన. మీరిద్దరూ చెరొక సగం సత్యాన్ని పట్టుకున్నారు. బస్సు మొత్తాన్ని ఒకే వస్తువుగా తీసుకుంటే, దాని చలనాన్ని తగ్గించగలిగేది బయటి బలం మాత్రమే. చక్రంతో పాటు తిరిగే బోలు ఇనుప డ్రమ్మును లోపలి నుంచి బ్రేకు లైనింగు, అంటే రాపిడి కోసం పెట్టిన గరుకు పట్టీ, నొక్కడం బస్సు లోపల జరిగే వ్యవహారం, అంతర్బలాలు ద్రవ్యరాశి కేంద్రపు వేగాన్ని మార్చలేవు. వెనక్కి పట్టే బయటి బలం టైరుకు, రోడ్డుకు మధ్యనున్న ఘర్షణ నుంచే వస్తుంది. కాబట్టి 37,500 న్యూటన్లు రోడ్డు ఇచ్చిన బలమన్న మీ స్నేహితుని మాట నిజం. రోడ్డు మీద నూనె ఒలికి ఉంటే బ్రేకులు ఎంత గట్టిగా పట్టినా చక్రాలు ఆగుతాయి గాని బస్సు ఆగదు.

కానీ శక్తి ఎక్కడికి చేరింది అని అడిగితే మాట మారుతుంది. చక్రం జారకుండా దొర్లుతున్నంతసేపు, రోడ్డును తాకుతున్న టైరు భాగం ఆ క్షణానికి రోడ్డుపై నిశ్చలంగా ఉంటుంది. అక్కడ పనిచేసేది స్థైతిక ఘర్షణ. తాకిన చోట జారుడు లేదు కనుక అక్కడ వేడి పుట్టదు. రోడ్డు బలాన్ని ఇచ్చింది గాని శక్తిని తీసుకోలేదు. నిజమైన రాపిడి జరుగుతున్నది డ్రమ్ము లోపల, లైనింగు ఆనుకున్న చోట. శక్తి వేడిగా మారేది అక్కడే.

దీన్ని అంకెలతో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. చక్రం వ్యాసార్థం అర మీటరు, డ్రమ్ము లోపలి వ్యాసార్థం 0.2 మీటర్లు అనుకుందాం. బస్సు 30 మీటర్లు సాగినప్పుడు డ్రమ్ము ఉపరితలం లైనింగు కింద జారిన దూరం 12 మీటర్లే. ఆ 12 మీటర్లలో 11,25,000 జౌళ్లూ ఖర్చు కావాలంటే లైనింగుల వద్ద మొత్తం ఘర్షణ బలం 93,750 న్యూటన్లు ఉండాలి. రోడ్డు వద్ద 37,500 న్యూటన్లు, డ్రమ్ముల వద్ద 93,750 న్యూటన్లు. దూరం తగ్గిన నిష్పత్తిలోనే బలం పెరిగింది, పని మారలేదు. తిరిగే చక్రాల భ్రమణ గతిజశక్తిని ఈ లెక్కలో వదిలేశాను, అది మొత్తంలో స్వల్ప భాగం.

బ్రేకు మరీ గట్టిగా పట్టి చక్రాలు తిరగడం మానేస్తే వ్యవహారం తలకిందులవుతుంది. అప్పుడు డ్రమ్ములో జారుడు లేదు, టైరు రోడ్డుపై ఈడ్చుకుపోతుంది, వేడి అంతా టైరు రబ్బరుకూ రోడ్డు ఉపరితలానికీ చేరుతుంది. రోడ్డుపై కనిపించే నల్లటి చారలు అలా పడినవే. జారుడులో పనిచేసే గతిక ఘర్షణ స్థైతిక ఘర్షణ గరిష్ఠ విలువ కన్నా తక్కువ కనుక ఆగే దూరం సాధారణంగా పెరుగుతుంది, పైగా ముందు చక్రాలు తిరగకుండా జారుతుంటే స్టీరింగు ఎటు తిప్పినా బండి మాట వినదు. ఏబీఎస్ అనే ఏర్పాటు చక్రాన్ని సరిగ్గా ఆ అంచుకు చేరకుండా పట్టి, వదిలి, మళ్లీ పడుతుంది.

వడి రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు ఎందుకన్నది మీ మూడో ప్రశ్న. సూత్రంలో వర్గం ఉందని చెప్పి ఊరుకోవచ్చు, కానీ ఆ వర్గం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. ఒకే బలంతో ఆపుతున్నప్పుడు రుణత్వరణం మారదు. వడి రెట్టింపైతే అది సున్నా కావడానికి పట్టే కాలం కూడా రెట్టింపు. ఆ రెట్టింపు కాలమంతా బండి సగటున రెట్టింపు వడితో పోతూనే ఉంటుంది. రెండు రెళ్లు నాలుగు. ఆపడానికి పట్టే కాలాన్ని ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశి, వేగాల లబ్ధం, నిర్ణయిస్తుంది, ఆపడానికి పట్టే దూరాన్ని గతిజశక్తి నిర్ణయిస్తుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే చాలామంది విద్యార్థులకు ఈ అధ్యాయం కొరుకుడు పడదు.

విద్యార్థులే కాదు, ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా కదిలే వస్తువు బలాన్ని వడితో కొలవాలా, వడి వర్గంతో కొలవాలా అని దశాబ్దాలపాటు వాదించుకున్నారు. 18వ శతాబ్దం తొలి భాగంలో డచ్చి శాస్త్రవేత్త గ్రావ్‌సాండే మెత్తని బంకమట్టి మీదకు ఇత్తడి గుండ్లను వేర్వేరు ఎత్తుల నుంచి జారవిడిచి, అవి ఎంత లోతు దిగబడ్డాయో చూశాడు. నాలుగు రెట్ల ఎత్తు నుంచి పడిన గుండు రెట్టింపు వడితో తాకుతుంది, కానీ అది చేసిన గుంట రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు. మీ లెక్కలోని బస్సు, ఆయన ప్రయోగంలోని గుండు ఒక్కటే. బ్రేకుల బదులు అక్కడ బంకమట్టి ఆపింది, అంతే తేడా. ఆ వర్గానికి ముందున్న సగం, ‘పని’ అన్న రాశికి నేటి నిర్వచనం 1829లో ఫ్రెంచి శాస్త్రవేత్త కోరియోలిస్ రచనతో స్థిరపడ్డాయి.

ఈ వర్గం రోడ్డు మీద ఏం చేస్తుందో చూపడానికి నేను తరగతిలో తప్పక ఇచ్చే లెక్క ఒకటుంది. ఒకే రకమైన రెండు బండ్లు పక్కపక్కనే వెళ్తున్నాయి, ఒకటి గంటకు 36 కిలోమీటర్ల వడితో, రెండోది 45 కిలోమీటర్ల వడితో. రోడ్డుకు అడ్డంగా ఒక ఆవు వచ్చింది. ఇద్దరు డ్రైవర్లూ ఒకే చోట, ఒకే బలంతో బ్రేకు పట్టారు. మొదటి బండి సరిగ్గా ఆవు ముందు ఆగింది. అదే చోట రెండో బండి వడి ఎంత? తేడా తొమ్మిది కిలోమీటర్లే కదా, మహా అయితే ఏ పదో ఉంటుందని పిల్లలు చెబుతారు. లెక్క వేయండి. 36 అంటే సెకనుకు 10 మీటర్లు, వర్గం 100. 45 అంటే సెకనుకు 12.5 మీటర్లు, వర్గం 156.25. ఆ దూరంలో బ్రేకులు రెండు బండ్ల నుంచీ సమానమైన శక్తినే తీసుకున్నాయి కనుక రెండో బండికి మిగిలింది 56.25. దాని వర్గమూలం 7.5, అంటే గంటకు 27 కిలోమీటర్లు. మొదటి బండి నిలిచిపోయిన చోటును రెండో బండి 27 కిలోమీటర్ల వడితో దాటుతుంది. అదే 72 కిలోమీటర్ల వడితో వచ్చిన బండి అయితే అక్కడ ఇంకా 62 కిలోమీటర్ల వడితో ఉంటుంది. వడి చాలావరకు బ్రేకు దూరం చివరి భాగంలోనే తగ్గుతుంది, మొదటి మీటర్లలో తగ్గేది చాలా తక్కువ. ఈ ఒక్క లెక్క మనసుకు పట్టినవారు బడి ముందు బండి నడిపే తీరు మారుతుందని నా నమ్మకం.

ఇక్కడ ఒక సవరణ అవసరం. నాలుగు రెట్లు అనేది బ్రేకు పట్టిన తరువాతి దూరానికే వర్తిస్తుంది. అడ్డంకిని చూసి కాలు బ్రేకు మీదకు వచ్చేసరికి ఒక సెకను గడిచిందనుకుంటే, ఆ సెకనులో పోయిన దూరం వడికి అనులోమంగా పెరుగుతుంది, దాని వర్గానికి కాదు. మీ బస్సు రుణత్వరణంతోనే చూస్తే 36 కిలోమీటర్ల వద్ద 10 మీటర్లు, 13.3 మీటర్లు కలిసి 23.3 మీటర్లు, 72 కిలోమీటర్ల వద్ద 20 మీటర్లు, 53.3 మీటర్లు కలిసి 73.3 మీటర్లు. మొత్తం మూడు రెట్లకు కాస్త ఎక్కువ. పరీక్షలో ఏ దూరం అడిగారో చూసి రాయండి.

మీరు అడగకపోయినా తప్పక తలెత్తే ప్రశ్న బరువుది. సమతల రోడ్డుపై టైర్ల ఘర్షణ గుణకాన్ని పూర్తిగా వాడుకోగలిగితే, ఆగే దూరంలో ద్రవ్యరాశి కొట్టివేయబడుతుంది. వడి వర్గాన్ని ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, రెండు అనే మూడింటి లబ్ధంతో భాగించడమే మిగులుతుంది. గుణకం 0.7 ఉన్న పొడి రోడ్డుపై 54 కిలోమీటర్ల వడికి అది దాదాపు 16 మీటర్లు, ఈశాన్య రుతుపవనాల వానకు తడిసి గుణకం 0.4కు పడిపోతే దాదాపు 29 మీటర్లు. ఈ సూత్రం చూసి స్కూటరూ లారీ ఒకే దూరంలో ఆగుతాయని కొందరు వాదిస్తారు. సూత్రం తప్పు కాదు, దాని వెనకున్న ఊహ తప్పు. టైరు ఇవ్వగలిగినంత బలాన్ని బ్రేకులు కూడా పుట్టించగలవని ఆ సూత్రం అనుకుంటుంది. తోతాపురి మామిడి కాలంలో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే లారీలను చూడండి. పరిమితికి మించి కాయ నింపిన లారీలో శక్తి బరువుతో పాటు పెరిగింది, కానీ డ్రమ్ములు, లైనింగులు, వాటిని నొక్కే గాలి పీడనం ముందున్నవే. 25 టన్నుల లారీకి 54 కిలోమీటర్ల వద్ద ఉన్న గతిజశక్తి 28 లక్షల జౌళ్లు దాటుతుంది. బ్రేకు బలం దానికి తగ్గట్టు పెరగకపోతే దూరమే పెరగాలి, మరో దారి లేదు.

ఇక తిరుమల. ఇప్పుడు దిగడానికి వాడే మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, ఎక్కడానికి వాడే రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. దిగే దారి పొడవు దాదాపు 19 కిలోమీటర్లు. లెక్క కోసం కొండ పైనుంచి అలిపిరి వరకు దిగే ఎత్తు 700 మీటర్లు అనుకుందాం. మీ 10 టన్నుల బస్సు ఆ ఎత్తు వల్ల కోల్పోయే స్థితిజశక్తి 10,000 × 9.8 × 700, అంటే 6 కోట్ల 86 లక్షల జౌళ్లు. మీ లెక్కలో బస్సును పూర్తిగా ఆపడానికి ఖర్చయిన శక్తితో పోలిస్తే ఇది 61 రెట్లు. బస్సు ఏ వడితో కొండ మీద బయలుదేరిందో అదే వడితో అలిపిరి చేరినా సరే, ఈ శక్తినంతా దారిలో ఎక్కడో ఒకచోట వదిలించుకోవలసిందే. ఘాట్ రోడ్డులో అసలు సమస్య గతిజశక్తి కాదు, స్థితిజశక్తి. సమతల రోడ్డు మీద ఎంత నేర్పరి అయిన డ్రైవరైనా మొదటిసారి ఘాటుకు వచ్చినప్పుడు పొరపడేది ఇక్కడే, ఎందుకంటే స్పీడోమీటరులో ఈ శక్తి కనిపించదు.

ఆ శక్తి అంతా డ్రమ్ములకే పోతే ఏమవుతుంది? ఒక్కొక్కటి 50 కిలోల చొప్పున నాలుగు పోత ఇనుప డ్రమ్ములు ఉన్నాయనుకుందాం. పోత ఇనుము విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 500 జౌళ్లు. 200 కిలోల ఇనుము ఒక డిగ్రీ వేడెక్కాలంటే లక్ష జౌళ్లు కావాలి. మీ లెక్కలోని ఒక్క ఆపుడుకు డ్రమ్ములు 11 డిగ్రీలు మాత్రమే వేడెక్కుతాయి, కాసేపటికి గాలికి చల్లారుతాయి. కొండ దిగుడు మొత్తం బ్రేకుల మీదే సాగి, చల్లారే అవకాశమే లేకపోతే 686 డిగ్రీలు పెరగాలి. నిజంగా అంత పెరగదు. టైర్ల దొర్లుడు ఘర్షణ, గాలి నిరోధం కలిసి నాలుగో వంతుకు కాస్త తక్కువ భాగాన్ని తీసుకుంటాయి, డ్రమ్ముల నుంచి కొంత వేడి గాలిలోకి పోతుంది. కానీ ప్రమాదం మొదలు కావడానికి అందులో సగం చాలు. వేడి 300 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి సాధారణ లైనింగుల ఘర్షణ గుణకం పడిపోతుంది. డ్రమ్ము కూడా వ్యాకోచిస్తుంది. 400 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం సుమారు 1.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, లైనింగు దాన్ని అందుకోవడానికి ఇంకా ఎక్కువ దూరం జరగాలి. పెడలు తొక్కుతున్న కాలు అదే, దొరికే బలం మాత్రం తక్కువ.

అలా వాడిన డ్రమ్మును గ్యారేజీలో విప్పినప్పుడు చూడవలసింది ఉంటుంది. లోపలి ఉపరితలంపై అక్కడక్కడ నీలం మచ్చలు పడి ఉంటాయి, వాటి చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నని బీటలు అడ్డంగా పాకి ఉంటాయి. లైనింగు గరుకుదనం పోయి, వేలితో రాస్తే గాజులా నున్నగా తగులుతుంది. అలాంటి లైనింగు మందం చూస్తే ఇంకా చాలా రోజులు వస్తుందనిపిస్తుంది, పట్టు మాత్రం ఎప్పుడో పోయి ఉంటుంది. మందం ఒక్కటే కొలిచి బాగుందని రాసేసే పద్ధతిని నేను ఎన్నడూ ఒప్పుకోలేదు.

బ్రేకు పట్టు తగ్గడమంటే ఏమిటో మీ లెక్కలోనే చూద్దాం. వంద మీటర్లకు ఆరు మీటర్లు దిగే వాలులో బస్సును కిందికి లాగే గురుత్వ బలం 5,880 న్యూటన్లు. బ్రేకుల 37,500 న్యూటన్ల నుంచి దీన్ని తీసివేస్తే మిగిలేదే బస్సును ఆపుతుంది, కాబట్టి దూరం 30 నుంచి 35.6 మీటర్లకు పెరుగుతుంది. ఇది పెద్ద తేడా కాదు. బ్రేకులు వేడెక్కి బలం మూడో వంతుకు, అంటే 12,500 న్యూటన్లకు పడిపోయిందనుకోండి. మిగిలే బలం 6,620 న్యూటన్లు, దూరం 170 మీటర్లు. ఇంకా తగ్గి 5,880కి చేరితే బస్సు ఆగనే ఆగదు, ఉన్న వడితో అలాగే పోతుంది. అంతకన్నా తగ్గితే బ్రేకు పూర్తిగా తొక్కి ఉండగానే వడి పెరుగుతూ పోతుంది. వడి పెరిగిన కొద్దీ సెకనుకు డ్రమ్ములో పుట్టే వేడి పెరుగుతుంది, పట్టు ఇంకా పోతుంది. బ్రేకు ఫెయిలయిందని మనం పత్రికల్లో చదివే సంఘటనల్లో చాలా వాటికి విరిగిన భాగమేదీ కారణం కాదు, ఈ వేడే కారణం. కార్లలో మరో చిక్కు కూడా ఉంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తదిగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం, తేమ పీల్చుకున్న తరువాత ఆ హద్దు 140 డిగ్రీలే. ఆయిలు మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడితే పెడలు మెత్తగా నేలను తాకుతుంది, చక్రం దగ్గర బలం ఉండదు.

తక్కువ గేరు చేసే ఉపకారం ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. బ్రేకులు ఒక్కటే కాకుండా శక్తి పోవడానికి అది మరో దారి తెరుస్తుంది. యాక్సిలరేటరు వదిలి, గేరులోనే ఉంచి దిగుతున్నప్పుడు ఇంజను చక్రాలను తిప్పదు, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. పిస్టన్లు గాలిని పీల్చి, నొక్కి, బయటకు తోయడానికి, లోపలి రాపిడిని అధిగమించడానికి శక్తి కావాలి, ఆ శక్తిని బస్సు తన స్థితిజశక్తి నుంచి ఇస్తుంది. ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న బండిలో పొగగొట్టాన్ని దాదాపు మూసివేయడం వల్ల ఈ నిరోధం ఇంకా పెరుగుతుంది. పుట్టిన వేడిని రేడియేటరు, పొగగొట్టం మోసుకుపోతాయి. ఇంజను వేడిని నిరంతరం వదిలించుకోవడానికే తయారైన యంత్రం, డ్రమ్ము అలా తయారు కాలేదు. గేరు తగ్గినకొద్దీ అదే వడికి ఇంజను ఎక్కువ చుట్లు తిరుగుతుంది కనుక ఎక్కువ శక్తిని తీసుకుంటుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు కొత్తవారికి చెప్పే మాటలో ఉన్న శాస్త్రం ఇదే. ఆ గేరు వాలు మొదలు కాకముందే వేసుకోవాలి, వడి పెరిగాక తక్కువ గేరు పడదు.

ఇక్కడ సామర్థ్యం, అంటే సెకనుకు ఎంత శక్తి అన్న లెక్క ఒకటి తప్పనిసరి. 19 కిలోమీటర్లను గంటకు 30 కిలోమీటర్ల వడితో దిగితే 38 నిమిషాలు పడుతుంది. 6 కోట్ల 86 లక్షల జౌళ్లను 2280 సెకన్లతో భాగిస్తే సెకనుకు 30,000 జౌళ్లు, అంటే 30 కిలోవాట్లు. టైర్లు, గాలి తీసుకునేది పోగా మిగిలిన దాన్ని తక్కువ గేరులోని డీజిల్ ఇంజను చాలావరకు భరించగలదు, బ్రేకును మలుపుల దగ్గర మాత్రం వాడుకుంటే సరిపోతుంది. అదే దారిని 60 కిలోమీటర్ల వడితో దిగితే మొత్తం శక్తి మారదు, కాలం సగమవుతుంది, సామర్థ్యం 60 కిలోవాట్లవుతుంది. చల్లారడానికి దొరికే కాలం కూడా సగమే. ఘాట్ రోడ్డులో నిర్ణీత సమయం కన్నా ముందుగా దిగి వచ్చే వాహనాలకు జరిమానా వేసే పద్ధతిని చాలామంది మలుపుల కోసమే పెట్టారనుకుంటారు. మలుపుల మాట నిజమే, కానీ ఆ నిబంధన బ్రేకులను కూడా కాపాడుతుంది, నా దృష్టిలో ఆ రెండో ప్రయోజనం ఏమాత్రం చిన్నది కాదు.

న్యూట్రల్‌లో దించడం గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. పలమనేరు వైపు నుంచి చిత్తూరుకు దిగే మొగిలి ఘాటులోనూ, తిరుపతి వైపు దిగే భాకరాపేట ఘాటులోనూ సరుకు లారీలను డీజిల్ కలిసి వస్తుందని న్యూట్రల్‌లో వదిలే అలవాటు కొందరిలో ఉంది. ఈ కాలపు డీజిల్ ఇంజన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంధనం సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం కావాలి. కాబట్టి కలిసి వస్తుందనుకున్న డీజిల్ కూడా రాదు, ఇంజను పట్టు పూర్తిగా పోతుంది, భారమంతా డ్రమ్ముల మీద పడుతుంది. ఇంజనునే ఆపివేసి దించేవారి సంగతి ఇంకా ఘోరం. గాలి బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఇంజనుతో తిరిగేదే. అది ఆగిన తరువాత బ్రేకు తొక్కిన ప్రతిసారీ ట్యాంకులోని పీడనం తగ్గుతూ పోతుంది, స్టీరింగు కూడా బరువెక్కుతుంది.

మైదాన ప్రాంతాల నుంచి సొంత కార్లలో కొండకు వచ్చే భక్తులలో ఇప్పుడు ఆటోమేటిక్ గేర్ల కార్లు ఉన్నవారు ఎక్కువయ్యారు. వారు ‘డి’లోనే ఉంచి బ్రేకు మీద దిగుతారు, అలిపిరి చేరేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది. గేరు మీటలో ‘ఎల్’ అనో, ‘2’ అనో, చేతితో మార్చుకునే ‘ఎం’ అనో ఒక స్థానం ఉంటుంది, అది ఉన్నది ఇలాంటి వాలుల కోసమే. దారి మధ్యలో ఆ వాసన వస్తే సురక్షితమైన చోట పక్కకు తీసి, చల్లారేవరకు ఆగాలి. డిస్కుల మీద, అంటే కార్లలో డ్రమ్ములకు బదులుండే బ్రేకు పళ్లేల మీద, నీళ్లు పోయకూడదు, హఠాత్తుగా చల్లారిన ఇనుము వంకర పోవచ్చు, పగలవచ్చు.

తిరుపతి, తిరుమల మధ్య 2022 నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి కదా, వాటిని కూడా ఈ లెక్కలో చేర్చుకోండి. వాటిలో దిగేటప్పుడు చక్రాలు మోటారును తిప్పుతాయి, మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును బ్యాటరీకి పంపుతుంది. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కనుక, మన 6 కోట్ల 86 లక్షల జౌళ్లను 36 లక్షలతో భాగిస్తే 19 యూనిట్ల విద్యుత్తు. టైర్లు, గాలి, తీగలు, బ్యాటరీ తమ తమ వాటా తీసుకోగా మిగిలినదే తిరిగి నిల్వ చేరుతుంది కనుక పూర్తి 19 ఎన్నడూ రావు, కానీ డీజిల్ బస్సులో రేడియేటరు గుండా గాలిలో కలిసిపోయే శక్తిలో గణనీయమైన భాగం ఇక్కడ మళ్లీ కొండ ఎక్కడానికి పనికివస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది, అప్పుడు డ్రమ్ములు గాని డిస్కులు గాని ఆ భారం మోయవలసిందే. కొండ ఎక్కి వచ్చిన బస్సు బ్యాటరీలో ఎక్కడానికి ఖర్చయినంత చోటు ఖాళీగా ఉంటుంది కనుక, పైన మళ్లీ పూర్తిగా ఛార్జి చేయనంతవరకు, తిరుమల దారిలో ఆ ఇబ్బంది రాదు.